నా పేరుతో నడిచిన మందుల షాపు

"మీరు ఇప్పటికే ఒక షాపులో పనిచేస్తున్నరు కదమ్మా" అని మందుల లైసెన్సుల ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాయన అన్నప్పుడు నేను నవ్వాను. ఏదో పొరపాటు పడ్డాడనుకున్నాను. నేను ఇంతవరకు ఏ షాపులోనూ పనికి చేరలేదు. ఫార్మసీ డిప్లొమా చేశాను కానీ అది పూర్తయిన ఏడాదే పెళ్లి, ఆ తర్వాత పిల్లలు, అత్తగారి అనారోగ్యం. సర్టిఫికెట్లు బీరువాలో పట్టుచీరల కింద పడి ఉన్నాయి. పిల్లలిద్దరూ హైస్కూలుకు వచ్చాక ఇక ఇంట్లో కూర్చోలేననిపించింది. ఇబ్రహీంపట్నం బస్టాండుకు కాస్త అవతల ఒకావిడ కొత్తగా మందుల షాపు పెడుతూ ఫార్మసిస్టు కోసం వెతుకుతోందని తెలిసి వెళ్లి కలిశాను. ఆవిడ ఒప్పుకుంది. ఇక మిగిలింది లైసెన్సు కాగితాల్లో నా రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కించడమే.

మందుల షాపు ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ అందులో చదువుకున్న ఫార్మసిస్టు ఒకరు ఉండి తీరాలి. ఒక ఫార్మసిస్టు ఒక షాపులోనే ఉండాలి. నా నంబరు కొట్టగానే కంప్యూటర్ నేను ఇంకోచోట ఉన్నానంది.

ఆయన స్క్రీను నావైపు తిప్పాడు. నా ఫొటో కనిపించింది. చదువు అయిపోయిన రోజుల్లో స్టూడియోలో దిగినది. బుగ్గలు లేని మొహం, నూనె పెట్టి గట్టిగా వేసిన జడ. నా పేరు, మా నాన్న పేరు, పుట్టిన తేదీ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. షాపు మాత్రం సాగర్ రోడ్డు మీద యాచారం దాటి, లోపలికి తిరిగాక వచ్చే ఒక ఊళ్లో ఉంది. ఆ ఊరి పేరు నేను అంతకుముందు వినలేదు. కింద సంతకం ఉంది. నేను ఇంగ్లీషులో గబగబా గీకేస్తాను. అక్కడ నా పేరు తెలుగులో, గుండ్రటి అక్షరాల్లో, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి ఉంది. బళ్లో పిల్ల శ్రద్ధగా రాసినట్టు.

"ఇది నాది కాదండీ."

"ఫొటో మీదే కదా."

"ఫొటో నాదే. సంతకం నాది కాదు. నేను ఆ ఊరే చూడలేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సర్టిఫికెట్ కిరాయికిచ్చి మర్చిపోయిండ్రా?" అని అడిగాడు. వెటకారంగా అడగలేదు. అలాంటివాళ్లను ఆయన రోజూ చూస్తూ ఉంటాడు కాబట్టి మామూలుగా అడిగాడు.

సర్టిఫికెట్ కిరాయికివ్వడం మా వృత్తిలో అందరికీ తెలిసిన పనే. కాగితం గోడకు వేలాడుతుంది, మనిషి ఇంట్లో ఉంటుంది, నెలనెలా ఎంతో కొంత వస్తుంది. నన్నూ ఒకరు అడిగారు, చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు. వద్దన్నాను. నేను పెద్ద నీతిమంతురాలినని కాదు. నేను చూడని మందు నా పేరు మీద ఎవరి నోట్లోకో పోతుందనే ఊహే నాకు భయం. ఇప్పుడు అదే జరుగుతోంది, అదీ నన్ను అడగకుండా.

ఆయన మంచివాడే. షాపు వివరాలు ఒక కాగితం మీద రాసి ఇచ్చి, "ముందు పోలీస్ కంప్లైంట్ ఇయ్యండి. ఆ కాపీ తెస్తే మా దిక్కు నుంచి మేం చూస్తం" అన్నాడు.

మేం మన్నెగూడలో ఉంటాం. మా నాన్న గుంటూరు జిల్లా నుంచి వచ్చినప్పుడు నాకు ఊహ తెలియదు. నేను పెరిగింది, చదివింది, పెళ్లాడింది అంతా ఈ చుట్టుపక్కలే. మావారికి కూడలిలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపుంది. ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చినప్పుడు జరిగింది చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగారు.

"నువ్వెవరికైనా ఇచ్చావా? నాకు చెప్పకుండా?"

"ఇవ్వలేదు."

"ఇచ్చినా ఏం అనను. ఇల్లు గడవడానికి ఇచ్చి ఉంటావు. చెబితే దాన్ని బట్టి ఆలోచిద్దాం."

"ఇవ్వలేదని చెబుతున్నాను కదండీ."

ఆయన తలూపారు. కానీ ఆ తలూపడంలో నమ్మకం లేదు, జాలి ఉంది. అది నన్ను లైసెన్సుల ఆఫీసాయన అడిగిన మాటకన్నా ఎక్కువ పొడిచింది. కంచం తీసి, కడిగి, బోర్లించి, మళ్లీ తీసి కడిగాను. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు.

ఆ సాయంత్రమంతా నా కాగితాలు బయటికి ఎలా పోయాయో ఆలోచించాను. డిప్లొమా చేతికి రాగానే మా నాన్న నన్ను నగరంలో ఒక పెద్ద మందుల దుకాణానికి తీసుకెళ్లాడు. యజమాని మర్యాదగా మాట్లాడి, సర్టిఫికెట్ల జిరాక్సులు, నాలుగు ఫొటోలు, ఆధార్ కాపీ తీసుకుని కబురు చేస్తానన్నాడు. చేయలేదు. ఈలోగా పెళ్లి కుదిరింది. నేను ఆ కాగితాలు మళ్లీ అడగలేదు. ఎవరడుగుతారు? ఆ తర్వాత రేషన్ కార్డుకని, గ్యాసుకని, బ్యాంకుకని ఎన్ని చోట్ల ఎన్ని కాపీలు ఇచ్చానో. కానీ ఫొటో మాత్రం ఆ నాలుగింటిలోదే.

మర్నాడు పిల్లల్ని బడికి పంపి ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. ముందు ఎవరైనా వకీలును అడుగుదామని మావారు అన్నారు. నేను ఆగలేకపోయాను. పోలీస్ స్టేషన్‌లోకి వెళ్లడం నాకదే మొదటిసారి. గేటు దగ్గరే ఫోన్ చూసుకుంటున్నట్టు కాసేపు నిలబడ్డాను. లోపల బల్ల వెనక ఒక ఆడ హెడ్ కానిస్టేబుల్ కూర్చుని ఉంది. యాభైకి దగ్గరగా ఉంటుంది. జుట్టు బిగించి ముడివేసుకుంది. నా ముందు ఒకతను బండి పోయిందని చెబుతుంటే రాసుకుంటోంది. అతను వెళ్లాక నావైపు చూసింది.

"ఏం పోయిందమ్మా? ఫోనా?"

"ఏమీ పోలేదండి. నా పేరు మీద ఇంకొకరు ఎవరో పనిచేస్తున్నారు."

"జీతం నీకొస్తుందా?"

"లేదండి."

"మరి ఆమెకెందుకు నీ పేరు?"

అంతా చెప్పాను. మొదట్నించి చివరిదాకా, మధ్యలో మళ్లీ మొదటికి పోయి. ఆమె అడ్డు రాలేదు. చివర్లో బల్ల మీదకు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పక్కా. కిరాయికిచ్చినవా? ఇచ్చినంక పైసల కాడ లొల్లైందా? గట్లయితే గట్లనే చెప్పు. అబద్ధం రాస్తే రేపు నీకే కష్టమైతది."

మూడో మనిషి అడుగుతున్న అదే ప్రశ్న. "మా పిల్లల మీద ఒట్టు" అనబోయి ఆగాను. ఎందుకు ఒట్టు వేయాలి? నా తప్పేముంది? "ఇవ్వలేదండి" అన్నాను. అంతే అన్నాను. ఆమె నా మొహంలోకి కొంచెంసేపు చూసి, సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి ఇచ్చింది.

"రాసియ్యి."

బెంచీ మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే ఇరుక్కున్నాను. 'నేను' అని, నా పేరు రాసి, ఫలానావారి కుమార్తెను అని రాశాక, ఆ షాపులో ఉన్నావిడ కూడా ఎక్కడైనా ఇదే రాస్తుంది కదా అనిపించింది. ఆ కాగితం చింపాను. రెండోదానిలో మా నాన్న నన్ను దుకాణానికి తీసుకెళ్లిన రోజు నుంచి మొదలుపెట్టాను. హెడ్ కానిస్టేబుల్ వచ్చి భుజం మీదుగా చదివింది.

"గింత కథ వద్దమ్మా. ఏమైంది, నీకెట్ల తెలిసింది, ఏం చెయ్యమంటున్నవ్. గంతే రాయి. మిగతాది మేం అడుగుతం."

ఎస్సై గదిలోకి పిలిచినప్పుడు కాగితం నా చేతి చెమటకు మెత్తబడి ఉంది. ఎస్సై కుర్రవాడు. రెండుసార్లు చదివాడు. ఆ ఊరు వేరే స్టేషన్ కిందకు వస్తుందని, అయినా కేసు ఇక్కడే నమోదు చేసి అక్కడికి పంపుతామని చెప్పాడు. నా పేరు మీద ఎవరెవరు ఏమేం కాగితాలు పెట్టారో మందుల ఆఫీసు నుంచి తెప్పించాలని, దానికి కొంత సమయం పడుతుందని అన్నాడు.

"అప్పటిదాక మీరు ఆ షాపు దిక్కు పోకండి" అన్నాడు. "పోతే వాళ్లు జాగ్రత్త పడుతరు. అన్నీ మాయం చేసి కూసుంటరు."

పోనని చెప్పాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఏ పనీ మధ్యలో వదలకుండా పూర్తిచేయలేదు. బియ్యం కడగబోయి పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. పాలు పెట్టి మేడ మీద బట్టలు తీయడానికి వెళ్లేదాన్ని. పొద్దున్నే పేపరు రాగానే జిల్లా పేజీ తీసి, ఎక్కడైనా మందు వికటించి ఎవరైనా చనిపోయారేమో చూసేదాన్ని. బస్సు ప్రమాదం, భూమి తగాదా, పశువుల దొంగతనం, అన్నీ చదివేదాన్ని. ఏమీ లేకపోతే ఊపిరి పీల్చుకునేదాన్ని. కానీ ఆ ఊపిరి టీ తాగేంతవరకు కూడా నిలిచేది కాదు. పేపర్లో పడనివి ఎన్ని ఉంటాయి? జ్వరం వచ్చిన పసిబిడ్డకు పెద్దవాళ్ల మోతాదు ఇచ్చి ఉంటే? నాలుగు మాత్రలు వేసుకుని ఎవరో గమ్మున పడుకుండిపోయి ఉంటే? వాళ్ల ఇంటివాళ్లు ఎవరిని తిట్టుకుంటారు? నా పేరు పెట్టి తిట్టుకుంటారు.

స్టేషన్‌కు ఫోన్ చేస్తే హెడ్ కానిస్టేబుల్ ఎత్తేది. "కాగితం మందుల ఆఫీసుకు పోయిందమ్మా. జవాబు రావాలె. ఫికర్ చెయ్యకు" అనేది. రెండోసారి చేసినా అదే. మూడోసారి చేయడానికి నాకే మొహమాటమేసింది.

ఒక రోజు మావారితో బ్యాంకు పని ఉందని చెప్పి, సాగర్ రోడ్డు మీద బస్సెక్కాను. యాచారం దాటాక దిగి షేర్ ఆటోలో లోపలికి వెళ్లాను. దూరం నుంచి చూసి వచ్చేస్తాననుకున్నాను. బోర్డు చూస్తే చాలు, మనసు కుదుటపడుతుందని.

చిన్న షాపు. పక్కన టిఫిన్ బండి, అటుపక్క ఎరువుల దుకాణం. మందుల షాపు ముందు రేకు షెడ్డు కింద ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. నేను ఆటో దిగినచోటే నిలబడదామనుకున్నాను. కాళ్లు మాత్రం ముందుకే నడిచాయి. లోపల గోడ మీద, దేవుడి పటం పక్కన, అద్దం బిగించిన నా సర్టిఫికెట్ కాపీ. అందులో ఆ పాత ఫొటో. ఎండకు రంగు వెలిసింది. కౌంటరు వెనక ఒకామె. నాకన్నా చిన్నది, నూలు చుడీదార్ మీద తెల్లకోటు. ఆ ఫొటోలో పిల్లకూ ఆమెకూ పోలికే లేదు. నిజానికి ఇప్పుడు నాకూ లేదు.

ఒక ముసలాయన చేతికర్ర షాపు గట్టుకు ఆనించి, లోపలికి వంగి పిలిచాడు. నా పేరు పెట్టి పిలిచాడు, చివర 'బిడ్డా' అని చేర్చి. మా అమ్మ పోయాక నన్ను అంత ఆప్యాయంగా పిలిచినవాళ్లు లేరు. నేను "ఆ" అనబోయాను. లోపల ఉన్నామె "వస్తున్న తాతా" అంది.

ఆయన ఖాళీ మాత్రల అట్ట ఇచ్చాడు. ఆమె చూసి, "గింత చిన్నది లేదు తాతా, పెద్దదున్నది. నేను సగం సగం చేసిస్త, రోజుకో ముక్క వేస్కో" అంది. చిన్న కత్తెర తీసుకుని ఒక్కో మాత్రా ఊడదీసి, పొడి రాలకుండా జాగ్రత్తగా సగానికి కోసి, కాగితపు పొట్లంలో వేయసాగింది. ముసలాయన వేళ్లు వంకరపోయి ఉన్నాయి. ఆయనకు కోసుకోవడం రాదని తానే కోస్తోంది. ఏ పెద్ద షాపులోనూ అలా ఎవరూ చేయరు.

కానీ నేను ఆమె కోస్తున్న అట్ట మీది అక్షరాలు చూశాను. అది బీపీ మాత్ర. రోజంతా కొంచెం కొంచెంగా కరిగేలా చేసిన మాత్ర. దాన్ని విరిస్తే రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ఆ వయసులో బీపీ అమాంతం పడిపోతే మనిషి నడుస్తూ నడుస్తూనే కూలిపోవచ్చు.

"అది కోయకూడదు" అన్నాను.

ఆమె కత్తెర ఆపింది. "ఏందక్కా?"

"ఆ మాత్ర విరవకూడదు. తాతా, ఆ పొట్లం తీసుకోకండి."

ముసలాయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ఎన్నేండ్ల సంది గీ బిడ్డనే ఇస్తుంది గోలీలు. నాకేం కాలె. నువ్వెవరు?"

ఎస్సైకి ఇచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చింది. అయినా నా పేరు చెప్పాను.

ఆయన నవ్వాడు. "గామె పేరు గూడ గదే."

ఆమె నవ్వలేదు. నా మొహం చూసింది. తల తిప్పి గోడ మీది ఫొటో చూసింది. మళ్లీ నన్ను చూసింది. కత్తెర కౌంటరు మీద పెట్టి, పొట్లాన్ని మెల్లిగా తనవైపు లాక్కుంది.

"తాతా, ఇది వద్దు. ఆమె చెప్పింది నిజమే. ఆమెకు ఎరుకుంటది."

లోపలి అరల్లో చాలాసేపు వెతికి, ఆయనకు కావలసిన చిన్న మాత్రల అట్ట సగం వాడినది ఒకటి పట్టుకొచ్చింది. నాకు చూపించింది. ఒప్పుకోలు కోసం చూపించినట్టు. నేను తలూపాను. మిగతావాటికి యాచారం సర్కారు దవాఖానకు పొమ్మని ఆయనకు చెప్పాను. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నా మీద కోపంగానే వెళ్లాడు.

షెడ్డు కింద మిగిలినవాళ్లకు "జర ఆగుండ్రి" అని చెప్పి ఆమె ప్లాస్టిక్ కుర్చీ బయటికి తెచ్చింది.

"కూసోక్కా."

కూర్చోలేదు. "నా పేరు ఎందుకు పెట్టుకున్నావు?" అని అడిగాను.

"నేను పెట్టుకోలె. ఓనర్ పెట్టిండు. సర్టిఫికెట్ ఉన్నామె పట్నంల ఉంటది, ఆమెకు నెలనెల కిరాయి పంపుతున్న, చెక్కింగుకొస్తె నేనే ఆమెనని చెప్పమన్నడు. నాకు నర్సింగ్ హోంల ఆయాగ చేసిన ఎరుకున్నది. గోలీలు గుర్తుపడుత. నువ్వు కిరాయి తీసుకుంటున్నవ్ అనుకున్నక్కా, దేవుని తోడు."

"నీ అసలు పేరేంటి?"

ఆమె రోడ్డు వైపు చూసి, ఎవరూ దగ్గర్లో లేరని చూసుకుని చెప్పింది. కోహెడ దగ్గర వాళ్ల అమ్మగారిల్లట. ఈ ఊళ్లో ఆ పేరు ఎవరికీ తెలియదట. "కేసు పెట్టినవా?" అని అడిగింది.

"ఇబ్రహీంపట్నం స్టేషన్‌లో పెట్టాను."

"గట్లయితే కాగితంల నా పేరు రాస్తరా, నీ పేరు రాస్తరా?"

అటుగా వచ్చిన ఆటో ఎక్కాను. ఇబ్రహీంపట్నంలో దిగి నేరుగా స్టేషన్‌కు పోయాను. హెడ్ కానిస్టేబుల్‌కు చెప్పాను. ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"పోవద్దని సారు చెప్పిండు గద. ఎందుకు పోయినవ్?"

"ఉండలేకపోయానండి."

"ఉండలేకపోతే నాకు ఫోన్ చెయ్యాలె. ఇప్పుడు వాడు పారిపోతే ఎవరిని పట్టాలె? నిన్ను పట్టాల్నా?" కోపంగానే అంది. కానీ వెంటనే లేచి ఎస్సై గదిలోకి వెళ్లింది. ఎస్సై నా ముందే ఫోన్లు చేశాడు. మర్నాడు పొద్దున్నే ఆ ఊరి స్టేషన్ వాళ్లు, మందుల ఇన్‌స్పెక్టరు కలిసి వెళతారని చెప్పాడు.

వాళ్లు వెళ్లేసరికి షట్టరు దించి ఉందట. ఆ సంగతి హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేసి చెప్పింది. చేజేతులా పాడుచేశాననుకున్నాను. అప్పుడు మావారికి అంతా చెప్పాను. బ్యాంకు అబద్ధం కూడా. ఆయన తన షాపుకు వెళ్లి, తాళం వేసి వచ్చి, "పద" అన్నారు. ఆ రోజంతా స్టేషన్ బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్లి నాకు టీ తెచ్చారు.

మధ్యాహ్నం ఎండ దిగుతుండగా ఆమె వచ్చింది. వెంట ఎవరూ లేరు. చేతిలో తువ్వాలులో చుట్టిన పలక లాంటిది ఏదో ఉంది. నన్ను చూసి ఆగింది. ఆ తర్వాత తిన్నగా హెడ్ కానిస్టేబుల్ దగ్గరికి పోయి ఆ తువ్వాలు విప్పింది. అద్దం బిగించిన నా సర్టిఫికెట్.

"ఓనర్ ఇది కాలబెట్టి అమ్మగారింటికి పొమ్మన్నడు మేడం. కాలబెట్టలె. తెచ్చిన."

హెడ్ కానిస్టేబుల్ ఆమెను కూర్చోమంది. ముందు నీళ్లిచ్చింది. "నీ పేరు చెప్పు" అంది. ఆమె నావైపు ఒకసారి చూసి తన పేరు చెప్పింది. గట్టిగానే చెప్పింది. ఆ పక్కనే కూర్చున్న మావారు, ఎవరూ అడగకుండానే, జరిగి ఆమెకు బెంచీ మీద చోటిచ్చారు.

ఆమె చెప్పిందంతా రాసుకున్నారు. షాపు యజమాని కొన్నాళ్లకు దొరికాడు. మా నాన్న నన్ను తీసుకెళ్లిన ఆ నగరం దుకాణంలో అతను ఒకప్పుడు సహాయకుడిగా పనిచేశాడట. అది మూతపడ్డప్పుడు అటక మీది పాత కాగితాల కట్టలో నా కాపీలు దొరికాయట. "పనికొస్తయని తీసుకున్న" అని చెప్పాడట. అంతకుమించి కథేమీ లేదు. నామీద పగా లేదు, నేనెవరో కూడా అతనికి తెలియదు. అది విన్నాక నాకు కోపం రావలసింది పోయి ఒళ్లంతా చల్లబడింది. ఎవరి కాగితమైనా అతనికి సరిపోయేది.

ఆమెను కూడా నిందితురాలిగా రాస్తారని తెలిసి, నేను ఎస్సైని అడిగాను. నేను ఒప్పుకునే ఇచ్చానని ఆమె అనుకుందని, సాక్ష్యం తనే తెచ్చి ఇచ్చిందని రాయమన్నాను. "అవన్నీ రాసినం. మిగతాది కోర్టు చూస్తది" అన్నాడాయన. మావారు ఇంటికి వెళ్లే దారిలో బండి ఆపి, "ఆ రోజు నిన్ను అలా అడగకుండా ఉండాల్సింది" అన్నారు. నేను సరేనన్నాను. సరేననడానికి అప్పటికి ఓపిక ఉంది నాలో, క్షమించానని చెప్పడానికి లేదు. అది తర్వాత మెల్లిగా వచ్చింది.

నా రిజిస్ట్రేషన్ ఆ షాపు పేరు నుంచి విడుదల కావడానికి నెలలు పట్టింది. ఎన్నిసార్లు ఆఫీసుకు తిరిగానో. కొత్త షాపు యజమానురాలు ఓపిక పట్టి నా కోసం ఆగింది. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో పొద్దున్నుంచి సాయంత్రం వరకు కౌంటరు వెనక నేనే ఉంటాను. ఎవరైనా ఏదైనా అడిగితే రెండుసార్లు చూడనిదే చేతికివ్వను. కొందరు విసుక్కుంటారు. ఆ ఊళ్లో షాపు మూతపడింది, కొత్తది ఇంకా రాలేదు. అక్కడివాళ్లు జ్వరం మాత్రకు కూడా యాచారం పోవలసిందే. అది నా వల్లేనని ఆ ముసలాయన అనుకుంటూ ఉంటాడు. ఒక రకంగా నా వల్లే. వెళ్లి చెప్పుకోవాలనిపిస్తుంది. ఏమని చెప్పుకోవాలో తెలియక వెళ్లలేదు.

ఆమె తుక్కుగూడలో ఒక చిన్న దవాఖానలో ఆయాగా చేరింది. కోర్టు వాయిదాల రోజుల్లో కలుస్తాం. మొదట్లో దూరంగా కూర్చునేది. పోయినసారి జడ్జిగారు సెలవులో ఉన్నారని తెలిశాక ఇద్దరం బస్టాపు దాకా కలిసి నడిచాం. వాళ్ల దవాఖానలో ఒకావిడకు డాక్టరు రెండు రకాల నొప్పి మాత్రలు రాశారట. రెండూ కలిపి వేసుకోవచ్చా అని నన్ను అడిగింది. పేర్లు చెప్పమన్నాను. వద్దని, డాక్టరును మళ్లీ అడిగి రమ్మని చెప్పాను. "నాకూ గట్లనే అనిపించిందక్కా" అంది.

ఇక వాయిదాలే మిగిలాయనుకుంటుండగా, ఇవాళ హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేసింది. షాపులో రద్దీగా ఉంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుని మాట్లాడాను.

"వాడు నీ కాగితాలు ఇంకొకనికి అమ్మిండట. ఇయ్యాలనే చెప్పిండు. ఇంకో షాపున్నది."

"ఎక్కడండీ?"

"మీ దిక్కే. గుంటూరు దిక్కు."

నాకు ఊహ తెలియకముందే వదిలేసిన జిల్లా. అక్కడ ఎవరున్నారో, ఆడమనిషో మగమనిషో, నా పేరు చెబుతూ ఎవరికి ఏమిస్తున్నారో. ఎప్పుడు రావాలని అడిగాను. రేపు పొద్దున రమ్మంది. "ఈసారి మాత్రం నీ అంతట నువ్వు పోకు" అంది. పోనన్నాను. నా మాట ఆమె నమ్మినట్టు లేదు. మీ ఆయనతో కలిసి రమ్మని చెప్పి పెట్టేసింది.

కౌంటరు అవతల ఒకతను చీటీ చాపి నిలబడి ఉన్నాడు. చంకలో చంటిబిడ్డ, జ్వరంతో మొహం ఎర్రబడి ఉంది. బిడ్డ బరువెంతో అడిగాను. అతనికి తెలియదన్నాడు. మూలనున్న తూకం మీద బిడ్డను పడుకోబెట్టమని చెప్పి, నేను కౌంటరు దాటి వచ్చాను.